పెట్టె కింద కాళ్ళు

అనంతపురం జిల్లా గార్లదిన్నె చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు కీబోర్డు కొనాలన్నా సలహాకు నా దగ్గరికి వస్తుంటారు. భజన మందిరం వాళ్ళు, చర్చి పెద్దలు, పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా కట్టుకోవాలనుకునే కుర్రాళ్ళు. ఎన్ని టోన్లున్నాయి, తబలా డోలక్ రిథమ్‌లు ఉన్నాయా, పెన్‌డ్రైవ్ పడుతుందా, ఏ కంపెనీది కొంటే మళ్ళీ అమ్మినా రేటు వస్తుంది అని అడుగుతారు. దాన్ని దేనిమీద పెట్టాలని అడిగేవాళ్ళు తక్కువ. అనంతపురంలో బేరమంతా అయిపోయి అంగడాయన బిల్లు రాసేటప్పుడు స్టాండు గుర్తుకొస్తుంది. "స్టాండు ఊరికే ఇయ్యన్నా" అంటారు. ఆయన మూలన ఉన్న ఎక్స్ స్టాండు ఒకటి తీసిస్తాడు. ఆ విషయం అక్కడితో అయిపోతుంది.

నాకు ఏ వాయిద్యం చూసినా మొదటి చూపు దాని కిందికి పోతుంది. చిన్నప్పుడు అబ్బిన అలవాటు ఇది. ఊళ్ళో నాటకం నేర్పే రోజుల్లో రాత్రి అన్నాలు తిన్నాక జనం రచ్చకట్ట దగ్గర చేరేవాళ్ళు. మాస్టరు కుర్చీలో కూర్చుని కాళ్ళ హార్మోనియం వాయించేవారు. పిల్లలం తాడిపత్రి బండల మీద చతికిలబడేవాళ్ళం. అంత కింద నుంచి చూసేవాడికి మాస్టరు వేళ్ళు కనిపించవు, పాదాలు కనిపిస్తాయి. చెప్పులు పక్కన విడిచి, ఒక పాదం దిగుతుంటే ఇంకో పాదం లేస్తూ, పద్యం ఎత్తుగడలో నెమ్మదిగా, రాగం సాగదీసే చోట గట్టిగా, ఆ రెండు పాదాలూ చేసే పని నాకు కంఠతా వచ్చింది. స్వరాలు ఆ తర్వాత నేర్చుకున్నాను. అందుకే స్టాండును నేను సామానుగా చూడలేను. అది వాయిద్యంలో ఒక అవయవమని నా నమ్మకం. దాన్ని మారిస్తే వాయించేవాడి ఒళ్ళు మారుతుంది, ఒళ్ళు మారితే పాట మారుతుంది.

హార్మోనియం పుట్టుకతో కాళ్ళున్న వాయిద్యం. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబైన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. బల్ల ఎత్తున నిలబడేది. కుర్చీలో కూర్చుని కింద పాదాలతో తిత్తి తొక్కుతూ, పైన రెండు చేతులతోనూ వాయించాలి. మిషనరీల వెంట, దొరల సామాన్లలో అది మన దేశానికి వచ్చింది. ఇక్కడ పాడేవాళ్ళు చాప పరుచుకుని నేలమీద కూర్చుంటారు. తంబురా, మృదంగం, ఫిడేలు అన్నీ నేలమీదే. వాటి మధ్య కుర్చీ మీది వాయిద్యం ఇమడలేదు. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్ళు తీసేసి, తిత్తిని పెట్టె వెనక్కి మార్చి, చేత్తో ఊదే హార్మోనియం తయారుచేశాడు. ఇవాళ దేశమంతటా భజనల్లో, గజళ్ళలో కనిపించే పెట్టె అదే.

కాళ్ళు తీసేయడం బరువు తగ్గించడంతో ఆగలేదు. ఒక చెయ్యి తిత్తికి పోయింది. మిగిలింది ఒక్క చెయ్యి. రెండు చేతులతో నాలుగైదు స్వరాలు ఒకేసారి పలికించే యూరప్ వాయిద్యం, ఒక్క చేత్తో ఒక్క స్వరం వెంట ఇంకో స్వరం నడిపించే మన వాయిద్యం అయింది. మన సంగీతానికి కావలసింది కూడా అదే కాబట్టి పోయిందేమిటో ఎవరికీ లోటనిపించలేదు. ఒక వడ్రంగం పని ఒక దేశపు సంగీతానికి అంత బాగా అతుక్కుపోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.

తెలుగు పద్యనాటకం మాత్రం కాళ్ళున్న పెట్టెను వదలలేదు. 1880ల్లో ధార్వాడ, పార్సీ నాటక కంపెనీలు మన ఊళ్ళ వెంట తిరిగి జనాన్ని ఊపేస్తున్న కాలంలో, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ నడిపి తెలుగు నాటకంలోకి పాటనూ పద్యాన్నీ బలంగా తెచ్చారు. అనంతపురం జిల్లా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయింది 1882లోనే కాబట్టి అది మాకు పరాయి ఊరి కథ కాదు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ మా తాడిపత్రిలో పుట్టినవాడే. రాఘవకు నాటకంలో పద్యాలు రాగాలు తీసి సాగదీయడం నచ్చేది కాదు. సంభాషణ, అభినయం ముందుండాలనేవారు. ఆయన మాట సరైనదేనని పెద్దలు ఒప్పుకున్నారు. పల్లెలు మాత్రం పద్యాన్నే పట్టుకున్నాయి. కురుక్షేత్రం, హరిశ్చంద్ర ఆడని ఊరు మా వైపు అరుదు.

మైకులు లేని రోజుల్లో ఊరి చివర కూర్చున్న ముసలామెకు కూడా శ్రుతి వినిపించాలి. చేతి హార్మోనియానికి అంత గాలి అందదు. రెండు కాళ్ళు తొక్కితే వచ్చే గాలి వేరు, ఆ నిండుదనం వేరు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి కుడిచేత్తో పద్యం వెంట పోతూ ఎడమచేత్తో కింది స్థాయిలో షడ్జమం పట్టి ఉంచవచ్చు. ఇక మూడోది, నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది, చూపు. కుర్చీలో కూర్చున్న మాస్టరు కళ్ళు స్టేజీ అంచుకు పైన ఉంటాయి. కృష్ణుడి వేషం కట్టిన మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో ఆయనకు కనిపిస్తుంది. పద్యం నాలుగో పాదం చివర రాగం సాగుతూ సాగుతూ ఆ మనిషికి ఊపిరి చాలకపోతే, ఆ చాలకపోవడం జనానికి తెలిసేలోగా మాస్టరు కాలు ఒక తొక్కు గట్టిగా పడుతుంది. పెట్టె ఆ స్వరాన్ని అందుకుంటుంది. నటుడు ఊపిరి పీల్చుకుని మళ్ళీ కలుస్తాడు. జనం "వన్స్‌మోర్" అని అరుస్తారు. అరుపు కృష్ణుడికే. కింద ఆ తొక్కు పడిన పాదాన్ని చూసింది నేలమీద కూర్చున్న మాలాంటి పిల్లలు మాత్రమే.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి తీసేసింది. అది గమకాలు పలకదు, మన శ్రుతులకు ఒదగదు అన్నారు. అందులో నిజముంది. 1971లో గాని ఆ నిషేధం కొంత సడలలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మా పల్లెల్లో హార్మోనియానికి ఎదురులేదు. రేడియో వద్దన్న పెట్టె ముందు కూర్చుని వ్యవసాయం చేసే మనుషులు నెలల తరబడి రాగాలు నేర్చుకున్నారు. మోహన, కల్యాణి అని పేర్లు తెలియకపోయినా ఆ రాగాల దారి తెలిసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు.

హెరాల్డ్ రోడ్స్ అనే అమెరికా పియానో మాస్టరు కథ నేను తర్వాత ఎప్పుడో చదివాను. హార్మోనియం నడిచిన దారిలో అది సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఆయన 1910లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో ఉండగా, గాయపడి ఆసుపత్రుల్లో మంచం మీదున్న సిపాయిలకు పియానో నేర్పితే కోలుకుంటారని ఆయనకు తోచింది. మంచం మీద లేవలేని మనిషి దగ్గరికి పియానో ఎలా పోవాలి? పాడైన బి-17 బాంబర్ విమానాల నుంచి తీసిన అల్యూమినియం గొట్టాలు కోసి, 29 మెట్ల చిన్న పియానో చేశాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వాయించవచ్చు. స్టాండు అక్కర్లేదు. మనిషి తొడలే దానికి కాళ్ళు.

యుద్ధం అయ్యాక ఆయన ఆ ఆలోచనను వదల్లేదు. గిటార్లు చేసే ఫెండర్ కంపెనీతో కలిసి పనిచేశాడు. 1965లో ఆ కంపెనీని సీబీఎస్ కొన్న తర్వాత ఆయన పియానోలు పెద్ద ఎత్తున బయటికొచ్చాయి. 1970లో 73 మెట్ల స్టేజీ పియానో వచ్చింది. లోపల తీగలుండవు. ఒక్కొక్క మెట్టుకు ఒక సన్నని ఉక్కు పుల్ల, దాని పైన మందమైన లోహపు బద్ద. మెట్టు నొక్కితే చిన్న సుత్తి ఆ పుల్లను కొడుతుంది. పుల్ల కొస ఎదురుగా అయస్కాంతం మీద రాగితీగ చుట్టిన పికప్పు ఉంటుంది, ఎలక్ట్రిక్ గిటారులో ఉన్నట్టే. మెల్లగా కొడితే గంట మోగినట్టు, గట్టిగా కొడితే గొంతు కాస్త జీరపోయినట్టు పలుకుతుంది. ఈ స్టేజీ పియానోలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. దానికి సొంతంగా కరెంటు అవసరం లేదు. కరెంటు కావలసింది ఆంప్లిఫయరుకే. ఇంట్లో కరెంటు పోయినా చెవి దానికి దగ్గరగా పెడితే ఆ పుల్లల సవ్వడి సన్నగా వినిపిస్తూనే ఉంటుంది.

ఆ పియానో బరువు దాదాపు 60 కిలోలు. ఒళ్ళో పుట్టిన వాయిద్యానికి నాలుగు క్రోమ్ పాలిషు ఇనప కాళ్ళు వచ్చాయి. మర తిప్పి బిగిస్తే కాళ్ళు నిలుస్తాయి, అవి ఊగకుండా ఏటవాలు కమ్మీలుంటాయి. కచేరీ అయ్యాక కాళ్ళు, కమ్మీలు, పెడల్ విప్పి పెట్టె మూతలోనే సర్దుకోవచ్చు. పారిస్‌లో కాళ్ళతో పుట్టిన పెట్టె కలకత్తాలో నేలకు దిగింది. ఆసుపత్రి మంచం మీద ఒళ్ళో పుట్టిన పెట్టె స్టేజీ ఎక్కి కాళ్ళమీద నిలబడింది. వాయించేవాడు ఎక్కడ, ఎలా కూర్చుంటాడో దాన్నిబట్టి వాయిద్యం అడుగుభాగం రూపుకట్టింది, ఆ దేశంలోనూ ఈ దేశంలోనూ.

మా మండలం నుంచి బెంగళూరు పోయి స్థిరపడిన ఒక మిత్రుడికి అలాంటి పాత రోడ్స్ పియానో ఒకటి దొరికింది. కాళ్ళు లేవు. పెడల్ ఉంది, దాన్ని పైన పియానోకు కలిపే రాడ్డు లేదు. అన్నం తినే బల్లమీద పెట్టి వాయించబోతే బల్ల ఎత్తూ పెట్టె ఎత్తూ కలిసి మెట్లు ఛాతీ దగ్గరికొచ్చాయి. భుజాలు ఎగదోసుకుని వాయించాల్సి వచ్చింది. ఎక్స్ స్టాండు మీద పెట్టే ధైర్యం అతనికి లేదు, ఉండకూడదు కూడా. ఊరి మీద అభిమానమో, నా మీద నమ్మకమో, గార్లదిన్నెలోనే ఫ్రేము చేయిద్దామన్నాడు. కొలతలన్నీ ఫోన్లో పంపాడు.

హైవే పక్కన వెల్డింగు షాపు. ట్రాక్టరు ట్రాలీలు, ఇనప గేట్లు, డ్రిప్పు పైపుల సామాన్లు చేసే చోటు. పియానో ఎలా ఉంటుందో చెప్పి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఒకటిన్నర అంగుళాల స్క్వేర్ పైపు తీసుకుందామన్నాడు వెల్డరు. బొమ్మను తిప్పి తిప్పి చూసి ఒకచోట వేలు పెట్టాడు.

"సార్, ముందరపక్క అడ్డకడ్డీ లేదే. అది ఎయ్యకుంటే ఊగుతుంది. మంచానికైనా నాలుగు పక్కలా పట్టె ఉండల్ల గదా."

"ముందర అడ్డం వద్దప్పా. మోకాళ్ళు అక్కడ ఉంటాయి. పెడల్ నుంచి పైకి పోయే రాడ్డు కూడా అక్కడే పోవల్ల."

"కాలితో తొక్కేది పైన పెట్టెకు తగులుకుంటుందా? కుట్టు మిషను మాదిరా?"

దాదాపు అంతే. ఇవాళ్టి కీబోర్డు పెడల్ ఒక స్విచ్చు. వైరు చివర ఎక్కడ పడేసినా పనిచేస్తుంది. రోడ్స్ పెడల్ అలాంటిది కాదు. పాదం తొక్కితే రాడ్డు నిట్టనిలువుగా పైకి లేచి, పెట్టె అడుగున ఉన్న రంధ్రంలోంచి పోయి, ఉక్కు పుల్లలకు ఆనుకుని ఉన్న ఫెల్టు ముక్కలన్నిటినీ ఒక్కసారి దూరం జరుపుతుంది. అప్పుడు కొట్టిన స్వరం ఆగకుండా మోగుతుంది. రాడ్డు పొడుగు పావు అంగుళం ఎక్కువైతే ఫెల్టు ఎప్పుడూ పూర్తిగా ఆనదు, స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తక్కువైతే పాదం సగం దూరం ఉత్తగా దిగుతుంది. రాడ్డు కాస్త ఒరిగితే రంధ్రం అంచుకు ఒరుసుకుని ఇరుక్కుంటుంది. అంటే ఫ్రేము ఎత్తు, నేల వాలు, రాడ్డు పొడుగు ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి మారితే మిగతా రెండూ సరిచేయాలి. స్టాండు వాయిద్యంలో అవయవమని నేననేది ఊహించి కాదు. ఇక్కడ అది కళ్ళెదురుగా ఉంది.

వెల్డరు కాసేపు ఆలోచించి ముందుపక్క ఖాళీగా వదిలాడు. దానికి బదులు రెండు ముందుకాళ్ళ పైమూలల్లో మందపాటి రేకును మూడుమూలలుగా కోసి వెల్డింగు పెట్టాడు. వెనకపక్క రెండు అడ్డపట్టీలు, ఒక ఏటవాలు పట్టీ వేశాడు. ఊగేదంతా వెనకనే ఆపాలన్నది అతని లెక్క. పైన పియానో కూర్చునే చోట ఎల్ యాంగిల్, దాని మీద లారీ ట్యూబు కోసి అతికించాడు. కింద నాలుగు కాళ్ళకూ నట్టు వెల్డింగు చేసి బోల్టు తలకిందులుగా బిగించాడు, నేల ఎత్తుపల్లాలకు తిప్పుకోవడానికి. రాడ్డు కోసం చిన్న సైజు జీఐ పైపులో దూరే సలాకు చూసి, పక్కనుంచి మర బిగించి పొడుగు మార్చుకునేలా చేశాడు. ఎత్తు విషయంలో నేను పట్టుబట్టాను. మెట్ల పైభాగం నేల నుంచి 28, 29 అంగుళాల మధ్య ఉండాలి. మామూలు పియానో ఎత్తు అదే. కూర్చున్న మనిషి మోచెయ్యి మెట్ల ఎత్తున ఉంటే మణికట్టు మీద భారం పడదు. పెట్టె లోతు తీసేసి ఫ్రేము ఎత్తు లెక్కగట్టాం.

పైన ఇంకో అంతస్తు కూడా కావాలన్నాడు మిత్రుడు. అతనికి 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 కీబోర్డు ఉంది, అది 14 కిలోలు. దాన్ని రోడ్స్ మూత మీదే పెట్టేయవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలామంది పెట్టేవాళ్ళు కూడా. మొదటి రకం రోడ్స్ మూత పైన గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది, దాని మీద ఏదీ కుదురుగా నిలవదు. 1979లో వచ్చిన రెండో రకానికి కంపెనీ వాళ్ళే మూతను చదునుగా చేశారు. వాయించేవాళ్ళు ఎలాగూ పైన ఇంకోటి పెట్టుకుంటున్నారని గ్రహించారు. 1960ల్లో డోర్స్ బృందంలో రే మాంజరెక్ వాక్స్ కాంటినెంటల్ ఆర్గాన్ మీద 32 మెట్ల రోడ్స్ పియానో బేస్ పెట్టుకుని, ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో ఆర్గాన్ వాయించేవాడు. ఆ బృందానికి స్టేజీ మీద బేస్ గిటారు వాయించే మనిషే లేడు. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పెట్టెలు ఒక మనిషి పని చేశాయి.

అయినా మూత మీద బరువు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. రోడ్స్ మూత తీసి చూడాల్సిన వాయిద్యం. ఉక్కు పుల్ల మీద సన్నని స్ప్రింగు ఉంటుంది, దాన్ని అటూ ఇటూ జరిపితే శ్రుతి మారుతుంది. మర తిప్పి పుల్ల కొసను పికప్పు ఎదుట ఒక వెంట్రుకవాసి జరిపితే గొంతు మారుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి సరిచేస్తూ ఉండాలి. పైన 14 కిలోల పెట్టె కూర్చుంటే ఎవరూ మూత తీయరు, శ్రుతి తప్పినా సర్దుకుపోతారు. అందుకని పై అంతస్తుకు వేరే రెండు నిలువు కాళ్ళు వెనకపట్టీకి బిగించి, చేతులు ముందుకు చాచి, వాయించేవాడి వైపు కాస్త వాలుగా పెట్టించాం. పక్క బోల్టులు వదులు చేస్తే ఆ చేతులు పైకి లేస్తాయి, మూత తీసుకోవచ్చు.

ఫ్రేము విప్పి బెంగళూరు పంపి, బిగించడానికి నేనూ పోయాను. రసమట్టం పెట్టి కాళ్ళ బోల్టులు తిప్పుకుంటూ వచ్చాం. రాడ్డు పొడుగు ఒక మర, అర మర, పావు మర సవరించాక మిత్రుడు పెడల్ తొక్కి ఒక్క స్వరం కొట్టాడు. ఫెల్టులన్నీ పుల్లలను వదిలి ఉండగా కొట్టిన స్వరంతో పాటు మిగతా పుల్లలు కూడా లోలోపల కదులుతాయి. ఆ మోత ఎంతసేపు ఉందో చెప్పలేను. అతను పాదం తీసేశాక మొత్తం ఒక్కసారి ఆగింది. నాకు రచ్చకట్ట మాస్టరు పాదాలు గుర్తొచ్చాయి. ఆయన పాదం గాలినిచ్చేది, ఇతని పాదం మోతను వదిలి పడుతుంది. పని వేరు, బాధ్యత ఒకటే. స్వరం ఎంతసేపు బతకాలో కాలే తేల్చుతోంది.

ఎలక్ట్రిక్ పియానోలన్నీ ఇంత బరువుండవు. 1970ల్లో వచ్చిన వుర్లిట్జర్ 200ఎ దాదాపు 25 కిలోలే. అందులో హార్మోనియంలో ఉన్నట్టే రీడ్లుంటాయి, కాకపోతే అవి ఉక్కువి, గాలికి బదులు సుత్తితో మోగుతాయి. దాని పెడల్‌కు రాడ్డు లేదు, సైకిలు బ్రేకుకు ఉండే లాంటి కేబులు ఉంటుంది. రే చార్లెస్ 1959లో ప్రపంచానికి వినిపించినది ఆ కంపెనీ పాత మోడలే. ఇక యమహా సీపీ-70 అసలు తీగలున్న పియానో, రెండు ముక్కలుగా విప్పి మోయాలి, నూరు కిలోలు దాటుతుంది. దాన్ని మోసినవాళ్ళకు నా నమస్కారం.

ఈ ధ్వనులు మనకు కొత్తవి కావు. మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన తెలుగు పాటల్లో 1970ల చివరి నుంచీ ఎలక్ట్రిక్ పియానో గొంతు విన్నాం. ఆ రోజుల్లో విదేశీ కీబోర్డు ఇంట్లో ఉండటం ఒక ఆస్తి. సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో పోయాక ఆయన వాయిద్యాలు అద్దెకిచ్చి ఆ కుటుంబం గడిచింది. ఆ ఇంటి పిల్లవాడే కీబోర్డు వాయిద్యకారుడిగా రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర పనిచేసి ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. పాట వింటున్న మనకు ఆ పెట్టెలను ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు మోసి, కాళ్ళు బిగించి, పొద్దుపోయాక మళ్ళీ విప్పినవాళ్ళ సంగతి తెలియదు. వాళ్ళ పేర్లు రికార్డు అట్టల మీద పడలేదు.

ఇప్పుడు ఆ రోడ్స్ గొంతు గార్లదిన్నెలో ప్రతి కీబోర్డులోనూ ఒక బటను. ఏడెనిమిది కిలోల పెట్టెలో ఎలక్ట్రిక్ పియానో అని నొక్కితే వస్తుంది. ఆదివారం ప్రార్థన నెమ్మదించే చోట మా చర్చి కుర్రాడు దాన్నే వాడతాడు. అద్భుతంగా వాయిస్తాడు. గొంతు వచ్చింది, కాళ్ళు రాలేదు. చాలా కీబోర్డులకు మా వైపు పెడల్ కొననే కొనరు. కొన్నా స్టేజీ పలకల మీద అది జారిపోతుంటే కాలితో వెతుక్కోవాలి. పాదం పని మానేసింది. స్వరం ఎంతసేపు మోగాలన్నది వేళ్ళ మీదే పడింది, వేళ్ళు మెట్లను వదలలేక బరువెక్కిపోతాయి.

పైగా ఎక్స్ స్టాండు. దాని లెక్క సులభం. రెండు కమ్మీలు మధ్యలో ఒక బోల్టు మీద తిరుగుతాయి. ఎత్తు పెంచితే పైకొమ్ములు రెండూ దగ్గరికి జరుగుతాయి, కింది పాదాలూ దగ్గరికి వస్తాయి. కీబోర్డు రెండు కొసలూ ఆధారం లేకుండా బయటికి వేలాడతాయి. మంద్రంలో ఒకటి గట్టిగా నొక్కితే అటు ఒరుగుతుంది, తారంలో నొక్కితే ఇటు. ఎత్తు తగ్గిస్తే కమ్మీలు విచ్చుకుని మోకాళ్ళకు చోటుండదు. మా వైపు గాలి సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆషాఢ మాసపు గాలికి గడ్డివాములే కదులుతాయి. వినాయకుడి ఊరేగింపులో ట్రాలీ మీద కీబోర్డును సైకిలు ట్యూబు ముక్కలతో స్టాండుకు కట్టి, స్టాండును ట్రాలీ కడ్డీకి కట్టి, కుర్రాడు ఒక మోకాలితో దాన్ని అదుముకుని వాయిస్తుంటాడు. ఆ ఒంటికాలి మీద అతను పాట మొత్తం వాయిస్తుంటే నాకు అతని మీద గౌరవమూ, అతనికి అలా చేయాల్సి వచ్చినందుకు కోపమూ రెండూ కలుగుతాయి.

డబ్బు లేక కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మాది. శనక్కాయ పండిన ఏడు నాటకం, పండని ఏడు లేదు అన్నట్టు గడిచింది. కరువు ఏళ్ళలో కాళ్ళ హార్మోనియాలు అటకెక్కాయి. తిత్తి తోలు ఎలుకలు కొరికాయి, తొక్కుడు పటకాలు తెగిపోయాయి, మాస్టర్లు ముసలివాళ్ళయ్యారు. అదంతా నిజమే. కానీ ఇవాళ ముప్పై, నలభై వేలు పెట్టి కీబోర్డు కొంటున్న కమిటీ స్టాండుకు రెండు వేలు పెట్టలేక కాదు. స్టాండు కూడా సంగీతమేనని ఎవరూ చెప్పకపోవడమే కారణం.

అందుకే చెబుతున్నాను. కీబోర్డు కొనే కమిటీలు, చర్చి పెద్దలు, భజన మందిరం వాళ్ళు ఎక్స్ స్టాండు ఊరికే ఇచ్చినా వద్దనండి. మీ ఊరి వెల్డింగు షాపులోనే నాలుగు కాళ్ళ బల్ల ఫ్రేము చేయించుకోండి. కూర్చుని వాయించేవాడికి మెట్లు 28, 29 అంగుళాల ఎత్తున ఉండాలి, ముందుపక్క అడ్డపట్టీ ఉండకూడదు. అడుగున ఒక పలక బిగించి పెడల్‌ను దానికి కట్టండి, అది జారదు. అటక మీద పాత కాళ్ళ హార్మోనియం ఉన్న ఇళ్ళవాళ్ళకు ఇంకో మాట. దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. చేతి పెట్టెగా మార్పిద్దామని కాళ్ళు కోయించకండి. తెగిన పటకాల బదులు మంచం నవారు గట్టిగా కుట్టి వేయవచ్చు, నేను వేసి చూశాను, ఆగుతుంది. తిత్తి తోలు మార్చే పనివాళ్ళు ఇంకా ఉన్నారు. వచ్చే ఉగాదికి మీ ఊళ్ళో నాటకం లేకపోయినా ఒక పిల్లవాడిని దాని ముందు కూర్చోబెట్టి, ముందు పాదాలతో తొక్కడం నేర్పించండి.